జపాన్ జ్ఞాపిక మీద ఏం రాసుంది? జపనీస్ రాకుండానే గుర్తుపట్టి, చదివి, తెలుగులోకి తెచ్చుకోవడం ఎలా

ఎర్రటి పూత మీద బంగారు అక్షరాలున్న చిన్న గిన్నె. ఒకవైపు పువ్వు, మరోవైపు నాలుగు వరుసల రాత ఉన్న పతకం. చెక్కపెట్టెలో ఇనప కెటిల్. మడత విప్పని పట్టుగుడ్డ. జపాన్‌లో ఉద్యోగం చేసొచ్చినవాళ్లు తెచ్చినవో, కంపెనీకి వచ్చిన అతిథులు ఇచ్చి వెళ్లినవో, పాత సామాన్ల అంగట్లో కొన్నవో ఇలాంటివి బీరువాల్లో పడుంటాయి. ఫొటో పంపి అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు: ఇదేంటి, దీని మీద ఏం రాసుంది, అమ్మితే ఎంతొస్తుంది?

మూడోదాని జవాబు చాలాసార్లు నిరాశే, దాన్ని చివర్లో చూద్దాం. మొదటి రెండింటికి జపనీస్ రానక్కర్లేదు. ఈ వస్తువుల మీద పెద్ద వాక్యాలుండవు. ఎప్పుడు, ఏ సందర్భంలో, ఎవరికి, ఎవరిచ్చారు అనే నాలుగు ముక్కలుంటాయి, అంతే. అందులోనూ సగం మాటలు ప్రతి వస్తువు మీదా మళ్లీ మళ్లీ వచ్చేవే. యాప్‌కి ఫొటో చూపించి అది చెప్పిన వాక్యాన్ని పట్టుకుంటే తప్పుదారి పడతారు. నాలుగు ముక్కల్నీ విడివిడిగా పట్టుకుంటే దారి తప్పరు.

కావలసినవి

- కెమెరా బాగున్న ఫోన్, వెలుతురు పట్టడానికి ఇంకో ఫోన్ గానీ చిన్న టార్చి గానీ
- తెల్ల గుడ్డ, ఓ బటర్ పేపరు
- స్కేలు, గ్రాముల్లో చూపే వంటింటి తూకం, చిన్న అయస్కాంతం
- పల్చటి కాగితం, మెత్తటి పెన్సిలు
- ఫోన్‌లో జపనీస్ కీబోర్డు. సెట్టింగ్స్‌లో భాషల కింద దొరుకుతుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే రకం ఎంచుకోండి
- నోటుపుస్తకం

కీబోర్డు ఎందుకంటే, ఈ వ్యాసంలో మాటల్ని ఉచ్చారణతోనే ఇస్తున్నాం. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఫోనే అసలు జపాన్ అక్షరాలు చూపిస్తుంది. వాటిని ఒక నోట్‌లో పెద్ద సైజులో పెట్టుకుంటే అదే మీ పోలిక పట్టిక. హ్రస్వ దీర్ఘాలు ఇక్కడ రాసినట్టే పాటించండి. దీర్ఘ ‘ఓ’ ఉన్నచోట ఓ తర్వాత యు కూడా కొట్టాలి, దీర్ఘ ‘ఊ’ ఉంటే యు రెండుసార్లు. మొదట ‘కినెన్’ కొట్టి చూడండి. జ్ఞాపకార్థం అని దాని అర్థం, మీ వస్తువు మీద దాదాపు తప్పకుండా ఉండే మాట ఇదే. నడుమ ‘న’ ఒత్తు పడేలా ఎన్ రెండుసార్లు కొట్టారో, పొగతాగరాదు అనే బోర్డు మాట వస్తుంది, జాగ్రత్త.

1. తోమకండి

చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. కంచు, రాగి పతకాలకు కావాలనే ముదురు రంగు పట్టిస్తారు. అది పోతే అక్షరాల అంచులు కనపడవు, తిరిగి రాదు. ఎర్ర గిన్నెల మీది పూత ఏటికొప్పాక బొమ్మల లక్క లాంటిది కాదు. అది ఉరుషి అనే చెట్టు పాలతో వేసేది. ఎండ తగిలితే వెలిసిపోతుంది, దాని మీది బంగారు పొడి గట్టిగా రుద్దితే ఊడిపోతుంది. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులపండి, చాలు.

పెట్టె, లోపలి కాగితం, తాడు, పైన చుట్టిన కాగితపు పట్టీ ఏవీ పారేయకండి. చాలాసార్లు వస్తువు మీద లేని తేదీ పెట్టె మూత మీదో, మూత లోపలివైపో దొరుకుతుంది.

2. కొలిచి, పదార్థం చూసి రాసుకోండి

వెడల్పు, ఎత్తు, బరువు రాయండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము లేదా ఉక్కు, పైన ఏ పూత ఉన్నా సరే. వెండిలా ఉంటే అడుగున, అంచున చిన్న ముద్రలు వెతకండి. జపాన్ టంకశాల ధ్రువీకరణ ముద్రలో ఆ దేశపు జెండా, పక్కన డైమండు ఆకారంలో 1000, 925 లాంటి అంకె ఉంటాయి. పాతవాటి మీద ‘జున్‌గిన్’ (స్వచ్ఛమైన వెండి) అనే రెండక్షరాలు మాత్రమే ఉండొచ్చు.

ఎర్ర గిన్నె అంచున అచ్చు అతుకు గీత కనిపిస్తే అది ప్లాస్టిక్, ఇటీవలిది. పెట్టెలో ఏబీఎస్ అని ముద్రించిన చీటీ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

3. ఫొటోలు

సగం తప్పులు ఇక్కడే పుడతాయి, తొందరపడకండి. మొత్తం వస్తువు ముందు, వెనక, అడుగు ఒక్కోటి తీయండి. తర్వాత రాత ఉన్నచోట దగ్గరగా, ఒక్కో ఫొటోలో నాలుగైదు అక్షరాలకు మించకుండా తీయండి. ఫోన్‌ని వస్తువుకి సరిగ్గా ఎదురుగా పట్టుకోవాలి. పక్కకు వంగితే అక్షరాలు నొక్కుకుపోయి యాప్ వేరే అక్షరంగా చదువుతుంది.

- చెక్కిన, పోతపోసిన అక్షరాలకు: గది చీకటి చేసి, టార్చిని పక్కనుంచి బాగా కింద పట్టండి. నీడలు పడి అక్షరం లేస్తుంది. టార్చిని నాలుగు వైపులకూ మారుస్తూ నాలుగు ఫొటోలు తీయండి. ఒక వైపు నుంచి కనపడని గీత ఇంకోవైపు నుంచి కనిపిస్తుంది.
- మెరిసే లోహానికి: టార్చి ముందు బటర్ పేపరు, చుట్టూ తెల్ల గుడ్డ.
- ఎర్ర పూత మీది బంగారానికి: కిటికీ పక్కన నీడలో, గిన్నెను కొద్దికొద్దిగా తిప్పుతూ. బంగారం పోయినా దాని కింద అక్షరం గుర్తు మసగ్గా మిగులుతుంది, ఒక కోణంలో తెలుస్తుంది.
- అన్నీ విఫలమైతే, లోహపు వస్తువులకు మాత్రం: పల్చటి కాగితం కప్పి పెన్సిలు అడ్డంగా రుద్దండి. పూత వస్తువులకూ బంగారు రాతకూ ఇది పనికిరాదు, గీతలు పడతాయి.

4. అది జపనీసేనా, ఏది పైవైపు?

చైనా వస్తువును జపాన్‌దనుకోవడం మామూలే. గుండ్రంగా తిరిగి తోక వదిలిన ఒక్క గీత అక్షరం (‘నొ’) మధ్యమధ్య కనిపిస్తే జపనీస్. పూర్తి సున్నాలు, అడ్డు నిలువు గీతలు కలిసి ఉంటే కొరియన్. అన్నీ చిక్కటి అక్షరాలే అయితే చైనీస్, జపనీస్ రెండింటిలో ఏదైనా కావచ్చు. అప్పుడు తర్వాతి అడుగులో చెప్పిన జపాన్ శకం పేరు దొరికితే తేలిపోతుంది.

తలకిందులు కాకుండా చూసుకోవడానికి ‘కినెన్’లోని రెండో అక్షరం పనికొస్తుంది. దాని అడుగున పడవలాంటి వంపు, చుట్టూ చుక్కలు ఉంటాయి. ఆ పడవ కిందికి రావాలి.

ఇక చదివే దిశ. నిలువుగా ఉంటే పైనుంచి కిందికి, వరుసలు కుడి నుంచి ఎడమకు. అడ్డంగా ఉంటేనే చిక్కు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అడ్డరాత కుడి నుంచి ఎడమకు ఉండటం మామూలు, యుద్ధం తర్వాత ఎడమ నుంచి కుడికి స్థిరపడింది. ‘కినెన్’ మాట చివరికి రావాలి కాబట్టి, అది ఎడమ అంచున కనిపిస్తే కుడి నుంచి చదవండి. కుడి నుంచి ఎడమకు ఉన్న వస్తువు 1945కి ముందుదయ్యే అవకాశం ఎక్కువ. సగం కాలనిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

5. సంవత్సరం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఇది సరిగ్గా వస్తే మిగతావి సరిచూసుకోవచ్చు. ఇది తప్పితే అన్నీ తప్పుతాయి.

జపాన్‌లో చక్రవర్తి ఏలుబడిని బట్టి శకం పేరు, అందులో ఎన్నో ఏడు అని రాస్తారు. మన లెక్కలోకి మార్చడానికి కూడిక చాలు:

- మెయిజి (1868–1912): 1867 కలపండి
- తైషో (1912–1926): 1911 కలపండి
- షోవ (1926–1989): 1925 కలపండి
- హెయిసెయి (1989–2019): 1988 కలపండి
- రెయివ (2019 మే 1 నుంచి): 2018 కలపండి

ఈ ఐదు పేర్లూ కీబోర్డులో కొట్టి పట్టికలో మొదట పెట్టుకోండి. ఒక్కో పేరు రెండక్షరాలు. శకం పేరు తర్వాత అంకె, తర్వాత ‘నెన్’ (ఏడు) వస్తాయి. ఈ ‘నెన్’, కినెన్‌లోని ‘నెన్’ ఒకే అక్షరం కాదు, పలకడమే ఒకటి.

అంకెలు కష్టం కాదు. ఒకటి, రెండు, మూడు అంటే అన్నేసి అడ్డగీతలు. నాలుగు అంటే గడిలో రెండు కాళ్లు. ఎనిమిది అంటే విడిపోయిన రెండు కాళ్లు. పది అంటే కూడిక గుర్తు. పది ముందున్న అంకెతో గుణించాలి, వెనకున్నదాన్ని కలపాలి. మూడు, పది, తొమ్మిది వరుసగా ఉంటే 39. షోవ 39 అంటే 1964, టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడు, షిన్‌కన్‌సెన్ బుల్లెట్ రైలు మొదలైన ఏడు.

మొదటి ఏడుకి ‘ఒకటి’ అని కాకుండా ‘గన్నెన్’ అని రాయడం ఆనవాయితీ. యాప్‌లు దీన్ని వదిలేస్తుంటాయి. నిలువు రాతలో పది కింద ఒకటి దగ్గరగా పడితే యాప్ రెండిటినీ కలిపి ‘మట్టి’ అనే అక్షరంగా చదువుతుంది. సంవత్సరం ఉండాల్సినచోట మట్టి, నేల అని వస్తే అది పదకొండు. పాత వస్తువుల మీద అంకెలకు దస్తావేజుల్లో వాడే కష్టమైన రూపాలూ ఉంటాయి. ఇరవైకి ఒకే అక్షరం వాడటమూ ఉంది.

ఇంకొన్ని పేచీలు:

షోవ మొదటి ఏడు 1926 డిసెంబరు 25 నుంచి 31 వరకు ఏడు రోజులే. షోవ 64 కూడా 1989 జనవరిలో ఏడు రోజులే. మీ లెక్కలో ఈ రెండిట్లో ఏదైనా వస్తే అంకె మళ్లీ చూడండి.

నాలుగంకెల సంఖ్య 2500, 2600 దగ్గర్లో ఉంటే అది భవిష్యత్తు కాదు. పురాణాల్లోని తొలి చక్రవర్తి నుంచి లెక్కపెట్టే పాత పద్ధతి అది, 660 తీసేయండి. 2600 అంటే 1940. ఆ ఏడాది జపాన్ అంతటా ఉత్సవాలు చేశారు, ఆ అంకె ఉన్న గిన్నెలు, పతకాలు అందుకే అన్ని దొరుకుతాయి.

‘నెన్’ తర్వాత ‘దొ’ చేరి ‘నెన్‌దొ’ అయితే మన ఆర్థిక సంవత్సరం లాగే ఏప్రిల్ నుంచి మార్చి. షోవ 50 నెన్‌దొ అంటే 1976 మార్చి దాకా రావొచ్చు.

అంకె లేకుండా జంతువు పేరున్న రెండక్షరాల సంవత్సరం ఉంటే అది అరవై ఏళ్ల చక్రం. మన ప్రభవ, విభవల్లాంటిదే. కాకపోతే వాళ్ల చక్రం 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది, రెండూ కలపకండి. ఇది ఒంటరిగా ఉంటే అరవై ఏళ్లకొకటి చొప్పున రెండుమూడు జవాబులు వస్తాయి. వేరే ఆధారం దొరికేదాకా ఖాయం చేయకండి.

6. సందర్భం చెప్పే మాట

‘కినెన్’కి ముందు వచ్చేదే సందర్భం. కింది మాటల్ని కీబోర్డులో కొట్టి పట్టికలో చేర్చుకోండి.

సంస్థలవి: షూనెన్ (ఇన్నేళ్లు పూర్తి), సోరిత్సు (స్థాపన), సోగ్యో (వ్యాపారం ఆరంభం), రకుసెయి, షున్‌కో (రెండూ నిర్మాణం పూర్తి కావడానికే), కైత్సూ (రోడ్డు, రైలు మార్గం ప్రారంభం).

మనుషులవి: సొత్సుగ్యో (చదువు పూర్తి), కిన్‌జొకు (దీర్ఘకాలం ఉద్యోగ సేవ; ఇందులో ‘జొ’ను జెడ్ అక్షరంతో కొట్టండి), తైషొకు (పదవీ విరమణ), కెక్కొన్ (పెళ్లి).

పోటీలవి, ప్రదర్శనలవి: తైకై (పోటీ, మహాసభ), యూషో (విజేత), సన్‌క (పాల్గొన్నందుకు), హకురన్‌కై (పెద్ద ప్రదర్శన).

సైన్యానివి: హొహెయి (పదాతిదళం), రెన్‌తై (రెజిమెంటు), మన్‌కి (సేవాకాలం పూర్తి), జొతై (సైన్యం నుంచి విడుదల), గైసెన్ (గెలిచి తిరిగిరావడం).

వయసువి: కన్‌రెకి 60, కొకి 70, కిజు 77, బెయిజు 88, హకుజు 99. కన్‌రెకిని తెలుగులో నిశ్చింతగా షష్టిపూర్తి అనేయండి. రెండూ అరవై ఏళ్ల చక్రం తిరిగొచ్చినందుకే. బెయిజులో మొదటి అక్షరం బియ్యం. దాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది కనిపిస్తాయి, అందుకే 88. యాప్ దీన్ని ‘బియ్యం దీర్ఘాయువు’ అనో ‘అమెరికా’ అనో చెబితే కంగారుపడకండి. పాత పద్ధతిలో పుట్టగానే ఒక ఏడుగా లెక్కిస్తారు కాబట్టి వీటినుంచి పుట్టిన సంవత్సరం లెక్కేస్తే ఒక ఏడు అటూఇటూ ఉంటుంది.

పెట్టె మీది కాగితప్పట్టీ మీద ‘సొషిన’ అని ఉంటే, అక్షరార్థం ‘నాసిరకం సామాను’. నిజానికది ఇచ్చేవాళ్ల వినయం, ‘మా చిన్న కానుక’ అన్నమాట. దుకాణాలు, బ్యాంకులు ఖాతాదారులకు ఉచితంగా పంచేవాటి మీద ఉంటుంది.

7. ఎవరికి, ఎవరిచ్చారు

పేరు తర్వాత ‘దొనొ’ లేదా ‘సమ’ ఉంటే ఆయన పుచ్చుకున్నవారు. గారు అనండి, సరిపోతుంది. ‘దొనొ’ అక్షరానికి భవంతి అనే అర్థం కూడా ఉంది కాబట్టి యాప్ మనిషిని రాజభవనం చేసేస్తుంది. పేరు తర్వాత ‘జో’, ‘జోతెయి’, ‘కిజో’ (వీటిలో ‘జో’ను జెడ్ అక్షరంతో కొట్టండి) ఉంటే వాళ్లు ఇచ్చినవారు.

సంస్థ రకం చివరి అక్షరాల్లో ఉంటుంది: షి (నగరం), మచి లేదా చో (పట్టణం), ముర (గ్రామం), కెన్ (రాష్ట్రం వంటిది), గక్కో (బడి), క్యోకై (సంఘం), షోకోకై (స్థానిక వాణిజ్య పరిశ్రమల సంఘం). కబుషికి గైష అంటే కంపెనీ, ఇది పేరుకి ముందైనా వెనకైనా రావొచ్చు.

గిన్నె అడుగున, పీఠం కింద ఉండే పేరు ఇచ్చినవారిది కాదు. అది తయారీదారుది, లేదా కుతని, అరిత, వజిమ లాంటి తయారీ ఊరిది. ఈ రెంటినీ కలిపి ‘కుతని వారు బహూకరించిరి’ అని రాసుకున్నవాళ్లు చాలామంది. చివర జో, సకు, సెయి (చేసినది) ఉన్నాయేమో చూడండి. పైన చెప్పిన ‘జో’ (ఇవ్వడం), ఈ ‘జో’ (చేయడం) వేర్వేరు అక్షరాలు, పట్టికలో రెండూ పెట్టుకోండి.

మనుషుల పేర్ల ఉచ్చారణ మాత్రం ఖాయం చేయకండి. ఒకే అక్షరాల పేరును రెండుమూడు రకాలుగా పలుకుతారు, ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. అక్షరాలు రాసి, పక్కన ‘ఇలా పలికే అవకాశం’ అని పెట్టండి.

8. గుర్తులు

16 రేకుల చామంతి చక్రవర్తి కుటుంబానిది. రేకులు లెక్కపెట్టండి. 12 ఉంటే అది వట్టి పువ్వు. మూడు ఆకుల మీద మూడు పూగుత్తులున్న పౌలోనియా (ఒక రకం చెట్టు) గుర్తు ప్రభుత్వం వాడుతుంది, అయితే కుటుంబ చిహ్నంగా కూడా విరివిగా ఉంది. అయిదు మొనల నక్షత్రం, శిరస్త్రాణం, అడ్డంగా పెట్టిన జెండాలు సైన్యానివి. లంగరు నౌకాదళానిది. స్వస్తిక్ కనిపిస్తే బౌద్ధాలయం గానీ ఒక ఇంటి చిహ్నం గానీ.

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసిన సంగతి మన పెద్దల నోట విన్నాం కాబట్టి, తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన ప్రతి జపాన్ వస్తువునూ యుద్ధానికి ముడిపెట్టాలనిపిస్తుంది. చాలావరకు అది ఏ సహకార సంఘం ఇరవయ్యో వార్షికోత్సవమో అయి తేలుతుంది.

9. యాప్‌ని ఎలా వాడాలి

గూగుల్ లెన్స్‌తో ఫొటోలోని అక్షరాలను మాత్రమే కాపీ చేసుకోండి, అనువాదం చూడకండి. ఆ అక్షరాలను నోట్‌లో అతికించి ఒక్కోదాన్నీ ఫొటోతో పోల్చండి. కుడి నుంచి ఎడమకు ఉన్న రాతను యాప్ తిరగేసి చదివి ఉంటుంది, చేత్తో వరుస మార్చండి. తర్వాత నాలుగు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కనే అనువాదంలో వేయండి.

చదవలేకపోయిన అక్షరాన్ని గూగుల్ అనువాదంలో వేలితో గీసి వెతకొచ్చు. ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి గీయండి. అదీ కుదరకపోతే జిషో అనే ఉచిత నిఘంటువులో అక్షరంలోని భాగాలను (గడి, చెట్టు, నీటి చుక్కలు) ఎంచుకుని వెతకొచ్చు. పెట్టె మీద కుంచెతో గొలుసుకట్టుగా రాసినదైతే వీటితో పని జరగదు. పాత గొలుసు రాత చదవడానికి జపాన్ పరిశోధకులు చేసిన ‘మివో’ యాప్ ప్రయత్నించండి. ఎర్ర ముద్రలోని వంకర అక్షరాలు వేరే లిపి శైలి, వాటిని చివరికి వదిలేయండి. చాలాసార్లు అది చేసినవారి పేరే.

కృత్రిమ మేధ చాట్‌లను అడిగితే ఒక ప్రమాదం ఉంది. చదవలేనిచోట కూడా నమ్మకంగా ఏదో ఒకటి పూరించేస్తాయి. ‘అనువదించవద్దు, అక్షరాలు మాత్రం రాయి, తెలియనిచోట ఖాళీ గడి పెట్టు’ అని అడగండి. వేరే ఫొటోతో, కొత్త చాట్‌లో మళ్లీ అడగండి. రెండు జవాబులూ ఎక్కడ తేడా వస్తే ఆ అక్షరం మీరే చూడాలి.

10. తెలుగులో రాయడం

ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి. జపనీస్‌లో విశేషణం ముందు, అసలు మాట చివర, తెలుగులాగే. వరుస మార్చకుండానే కుదురుతుంది. ఒక నమూనా:

‘షోవ, ఐదు, పది, ఐదు, నెన్ / సోరిత్సు, రెండు, పది, షూనెన్, కినెన్ / ఫలానా మచి షోకోకై’

షోవ 55 అంటే 1980. ‘1980. స్థాపించి 20 ఏళ్లు నిండిన సందర్భంగా జ్ఞాపిక. ఫలానా పట్టణ వాణిజ్య పరిశ్రమల సంఘం.’ ‘ఇవ్వడం’ అనే క్రియ లేదు కాబట్టి ‘బహూకరించారు’ అని మీరు చేర్చకండి. తెలియని అక్షరం ఉంటే ఖాళీ గడే ఉంచండి.

11. సరిచూసుకోవడం

ఒక్క ఆధారంతో ఆగొద్దు. కనీసం మూడు కలవాలి.

లెక్క: పై నమూనాలో 1980 నుంచి 20 తీస్తే 1960. షోకోకైలకు జపాన్‌లో చట్టం వచ్చింది 1960లోనే. కలిసింది. 1940 అని వచ్చి ఉంటే ఎక్కడో అంకె తప్పు చదివినట్టే.

అక్షర రూపం: యుద్ధం తర్వాత జపాన్ చాలా అక్షరాలను తేలిక చేసింది. ‘కై’ (సంఘం) కొత్త రూపం 6 గీతలు, పాతది 13. ‘గకు’ (చదువు) 8, పాతది 16. ‘కొకు’ (దేశం) 8, పాతది 11. షోవ 55 అని చదివినచోట పాత రూపాలు కిక్కిరిసి ఉంటే సంవత్సరం మళ్లీ చూడండి. సంస్థల పేర్లలో, కళాకారుల సంతకాల్లో పాత రూపాలు నేటికీ ఉంటాయి, కాబట్టి ఇదొక్కటే తీర్పు కాదు.

ఊరు: ‘తోక్యో షి’ అని ఉంటే 1943కి ముందుది, ఆ ఏడే అది ‘తోక్యో తొ’ అయింది. పట్టణం పేరు మ్యాపులో దొరకకపోతే తప్పనుకోకండి. 2000 తర్వాత కొన్నేళ్లలో వందలాది చిన్న పట్టణాలు పక్కవాటిలో కలిసిపోయాయి. పాత పేరుతో వెతకండి. పెట్టె మీద ఏడంకెల పిన్‌కోడ్ ఉంటే 1998 తర్వాతది.

రెజిమెంటు: అంకెను బట్టి ఊరు తెలుస్తుంది. 34వ పదాతిదళం షిజుఒకది. గిన్నె మీద వేరే ప్రాంతం పేరుంటే అంకె మళ్లీ చదవండి. ఆ సైన్యం 1945లో రద్దయింది, ఆ తర్వాతి తేదీ రాకూడదు.

పెద్ద ఉత్సవాలు: ఒసాకలో ప్రపంచ ప్రదర్శన 1970లో జరిగింది, 2025లో మళ్లీ జరిగింది. ఊరు పేరు చూసి తేల్చకండి. 1970దాని గుర్తు అయిదు రేకుల చెర్రీ పువ్వు. టోక్యో ఒలింపిక్స్ వస్తువుల మీద 2020 అని ఉన్నా ఆటలు జరిగింది 2021లో, అది నకిలీకి గుర్తు కాదు.

ఇంకా అనుమానం మిగిలితే మనిషినే అడగాలి. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) జపనీస్ నేర్పుతారు, అక్కడి విద్యార్థులెవరైనా తెలిసినవాళ్లుంటే మంచిది. ‘దీని అర్థమేంటి’ అని ఒక్క ఫొటో పంపకండి. కొలతలు, నాలుగు ఫొటోలు, మీరు చదివినంత మేర, సందేహమున్న అక్షరం చుట్టూ గీసిన గుండ్రం పంపండి. అప్పుడు నిమిషంలో జవాబొస్తుంది.

విలువ మాటేంటి?

సంస్థల వార్షికోత్సవ వస్తువులు వేల సంఖ్యలో చేస్తారు, కొనేవాళ్లు తక్కువ. వెండి గిన్నెకు బరువును బట్టే ధర, అదీ ముద్ర ఉంటే. నూరేళ్లు నిండేవారికి జపాన్ ప్రభుత్వం 1963 నుంచి ఇస్తున్న వెండి గిన్నెలు కూడా 2016 నుంచి వెండి పూతవే, కాబట్టి ‘ప్రధానమంత్రి ఇచ్చిన గిన్నె’ అన్నంత మాత్రాన పూర్తి వెండి కాదు. రెజిమెంటు గిన్నెలకు సేకర్తలున్నారు, అందుకే వాటికి నకిలీలూ ఉన్నాయి. పాత గిన్నె మీద కొత్తగా మెరిసే బంగారు రాత ఉంటే అనుమానించండి. దంతంతో చేసినదైతే అమ్మే ఆలోచనే వద్దు, మన దేశంలో అది నేరం.

తెల్ల గుడ్డ మీద ఎర్రటి సూర్యబింబం, చుట్టూ కుంచెతో రాసిన పదుల కొద్దీ పేర్లు ఉంటే అది జ్ఞాపిక కాదు. యుద్ధానికి వెళ్లే సైనికుడికి ఇంటివాళ్లు, ఊరివాళ్లు సంతకాలు చేసి ఇచ్చిన జెండా. బర్మా, ఇంఫాల్ వైపు పోరాడి వచ్చినవాళ్ల ఇళ్లలో ఇలాంటివి ఉండే అవకాశం ఉంది. దాన్ని ఉతకకండి, ఇస్త్రీ చేయకండి, పేర్లు కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టకండి. అమెరికాలోని ఓబాన్ సొసైటీ అనే సంస్థ అలాంటి జెండాలను ఆ సైనికుల కుటుంబాలకు చేరుస్తుంది. ముందు వాళ్లకు రాసి, వాళ్లు అడిగిన కోణాల్లో ఫొటోలు పంపండి.